ఉపవాసం చేసిన తుపాకీ

నల్లమల అడవి అంచున తుమ్మలపాయ అని ఒక ఊరుంది. ఈ ఊళ్ళో బాగా తెలివైనవాళ్ళు ఎవరని అడిగితే ముగ్గురు చేతులెత్తుతారు. ముగ్గురూ ఒక్క ఇంటివాళ్ళే. మిగతా ఊరు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంటుంది.

పెద్దవాడు ఓబులేసు, నడిపివాడు మద్దిలేటి, చిన్నవాడు తిరుపాలు. వాళ్ళ నాయన పేరున్న వేటగాడు. పోతూ పోతూ కొడుకులకు ఒంటిగొట్టం తుపాకీని, కొన్ని నియమాలను అప్పజెప్పాడు. తుపాకీకి తుప్పు తగలకుండా, నియమాలకు బుద్ధి తగలకుండా కొడుకులు ఇన్నేళ్ళూ కాపాడుకుంటూ వచ్చారు. తుపాకీ పిల్లలకు అందకూడదని నాయన ఒకసారి అన్నాడు. ఇంట్లో పిల్లలెవరూ లేరు. అయినా మాట మాటే కదా. ఇంటి దూలానికి, తమకు కూడా అందనంత ఎత్తున కట్టారు. వేటకు పోవాలన్నప్పుడల్లా పక్కింటికి వెళ్ళి నిచ్చెన అడుక్కొచ్చుకుంటారు. "మా ఇంట్లో ఉన్నంత జాగ్రత్త మీ ఇంట్లో ఉందా?" అని ఆ పక్కింటివాళ్ళనే ఎగతాళి చేస్తారు.

నిజం చెప్పొద్దూ, ఓబులేసుకు గురి ఉంది. బుర్రలో పెట్టాల్సింది దేవుడు చేతిలో పెట్టాడు. అరవై అడుగుల దూరంలో గాలికి ఊగే సీతాఫలాన్ని, పండుకు దెబ్బ తగలకుండా తొడిమ దగ్గర కొట్టి రాల్చేవాడు. లోకంలో తనకంటూ ఉన్నది అదొక్కటేనని అతనికీ తెలుసు.

వాళ్ళకో చెల్లెలు, సుంకులమ్మ. మొగుడు పోయాక అడవి పక్కన మూడెకరాల్లో మొక్కజొన్న వేసుకుని బతుకుతోంది. ఆ కంకులే ఆమెకు ఏడాది తిండి. సరిగ్గా గింజ గట్టిపడే వేళకు చెవి చీలిన అడవి పోట్లపంది ఒకటి పొద్దున్నే చేన్లో దిగడం మొదలుపెట్టింది. తినేది ఒక కంకి, తొక్కేది పది. సుంకులమ్మ అన్న దగ్గరికి వచ్చి ఏడ్చింది.

"పెద్దన్నా, ఈ పంటా పోతే నేను యాడికి పోవల్ల?"

ఓబులేసు ఆమె కళ్ళు తుడిచాడు. "ఏడ్వకు సుంకులూ. ఆ పంది సంగతి నాకొదిలెయ్," అన్నాడు. అటవీ శాఖ ఆఫీసుకెళ్ళి, పంటను పాడుచేస్తున్న పందిని కొట్టడానికి అనుమతి కాగితం తెచ్చుకున్నాడు. ఇక నిచ్చెన తెచ్చుకోవడమే తరువాయి.

సరిగ్గా అప్పుడు నంద్యాల వైపు నుంచి ఒక జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. దిగినవాడు ప్రహ్లాదు, ఏదో తుపాకుల కంపెనీ మనిషి. పందిని కొట్టే అనుమతి ఎవరికి వచ్చిందో కనుక్కుని, కొత్త తుపాకీని వారం రోజులు వాడి చూడమని ఇచ్చిపోవడానికి వచ్చాడు. నల్లగా నిగనిగలాడుతోంది. పైన అద్దం, అద్దంలో అంకెలు. పైగా తెలుగులో మాట్లాడుతుంది.

"ఇక గురి మీ పని కాదన్నా. ఎర్ర మీట నొక్కితే జంతువు మీద గుర్తు పడుతుంది. ట్రిగ్గర్ లాగి పట్టుకుంటే చాలు. దూరం, గాలి అన్నీ లెక్కేసుకుని, ఎప్పుడు పేలాలో అప్పుడు అదే పేలుతుంది. వెయ్యి అడుగులైనా సరే. కళ్ళు మూసుకుని కొట్టొచ్చు," అన్నాడు ప్రహ్లాదు.

ఓబులేసు కాసేపు ఆలోచించాడు. ఆలోచిస్తే అతనికి చెమట పడుతుంది.

"అంటే కొట్టేది నేనా, అదా?"

"అదే అనుకోండి," అని నవ్వి ప్రహ్లాదు జీపెక్కాడు. ఆ ఒక్క మాట ఎంత పని చేస్తుందో పాపం అతనికేం తెలుసు.

"ఇన్నాళ్ళూ మనం సాధన చేసినాము. ఇప్పుడు గురి దానిదైనప్పుడు సాధన ఎవరు చేయల్ల?" అన్నాడు మద్దిలేటి.

"అదే చేయల్ల," అన్నాడు తిరుపాలు.

అంతే. పెరట్లో చెట్టుకు కొబ్బరి చిప్ప వేలాడదీశారు. ఎదురుగా మంచమేసి, దాని మీద దిండేసి, దిండు మీద తుపాకీని పడుకోబెట్టారు. దానికి సిగ్గు కలుగుతుందని ముగ్గురూ లోపలికి పోయి నిద్రపోయారు. సాయంత్రం లేచి చూస్తే చిప్ప చెక్కుచెదరలేదు. "కొత్త గదా, నిదానంగా నేర్చుకుంటాది," అన్నాడు మద్దిలేటి. ఓబులేసు మాత్రం తన వేలి వంక చూసుకున్నాడు. ఇన్నేళ్ళూ ట్రిగ్గర్ మీద ఆడిన వేలికి ఇవాళ పని లేదు. ఎందుకో బాధేసింది.

మర్నాడు తెల్లవారగానే చేని గట్టుకు చేరారు. పంది అప్పటికే అటు చివర కంకులు విరుస్తోంది. ఓబులేసు అద్దంలోంచి చూసి ఎర్ర మీట నొక్కాడు. "గుర్తు పడింది," అంది తుపాకీ. ట్రిగ్గర్ లాగబోయి ఆగాడు.

"మద్దిలేటీ, నాయన ఏమి చెప్పినాడు? నలభై అడుగుల లోపలికి పోకుండా కొట్టగూడదు. మనం వచ్చినట్టు జంతువుకు తెలియల్ల, తప్పించుకునే సందు దానికీ ఉండల్ల అన్నాడా లేదా? ఇదేమో ఆరు నూర్ల అడుగుల దూరం."

ముగ్గురూ తలలు పట్టుకున్నారు. దగ్గరికి పోదామంటే, దూరం నుంచి కొట్టే తుపాకీని అవమానించినట్టవుతుంది. చివరికి మద్దిలేటికే దారి తోచింది. తుపాకీ ఇక్కడే ఉంటుంది, కబురు మాత్రం పోతుంది.

ఇంకేముంది, తిరుపాలు తలపాగా సర్దుకుని బయల్దేరాడు. పందికి సరిగ్గా నలభై అడుగులు కొలుచుకుని నిలబడి, చేతులు కట్టుకుని చెప్పాడు.

"అయ్యా, మా తుపాకీ ఆ గట్టు మీదుంది. నిన్ను కొడతాదంట. నీకు చెప్పిరమ్మన్యారు. తప్పించుకునేటట్టుంటే ఇప్పుడే తప్పించుకో."

పంది తలెత్తి చూసింది. ఇలాంటి మర్యాద అది పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఇంకో కంకి విరుచుకుంది.

"అడ్డంగా మనిషి ఉన్నాడు. పేల్చడం కుదరదు," అంది తుపాకీ.

"చూసినారా, మీ ముగ్గురిలో బుద్ధున్నది దానికొక్కదానికే," అంది అప్పుడే అక్కడికి వచ్చిన సుంకులమ్మ. ఆమె కూడా ఆ ఇంటి పిల్లే కాబట్టి, తుపాకీతో కలిపి నలుగురైనా ముగ్గురనే లెక్కపెట్టింది.

తిరుపాలు తిరిగొచ్చాడు. ఈసారి తుపాకీ, "గాలి ఎక్కువగా ఉంది. ఆగండి," అంది. గాలిని ఆపాలి కదా మరి. మద్దిలేటి, తిరుపాలు ఇద్దరూ గొంగడి రెండు చివరలూ పట్టుకుని తుపాకీకి ముందే అడ్డంగా నిలబడ్డారు. గాలి ఆగింది. పంది కూడా కనపడకుండా పోయింది. గొంగడి వెనక వాళ్ళు అలా నిలబడి ఉండగానే పంది రెండు సాళ్ళు ఊడ్చేసి, తీరిగ్గా అడవిలోకి వెళ్ళిపోయింది.

"తప్పు మనదే. కళ్ళు మూసుకుని కొట్టమని చెప్పినాడు. నువ్వు తెరుచుకుని చూసినావు," అన్నాడు తిరుపాలు.

ఓబులేసు ఒప్పుకున్నాడు. మరుసటి పొద్దున కళ్ళకు గంతలు కట్టుకుని కూర్చున్నాడు. చేన్లో గరగర చప్పుడు విని తుపాకీ అటు తిప్పి, మీట నొక్కి, ట్రిగ్గర్ లాగి పట్టుకున్నాడు. ఢామ్మని పేలింది. "తగిలింది," అంది తుపాకీ.

గంతలు విప్పి పరిగెత్తారు. పంది లేదు. గాలికి ఆకులు అల్లాడుతున్నాయి. చేను మధ్య నాయన పాత చొక్కా తొడిగిన దిష్టిబొమ్మ వెల్లకిలా పడి ఉంది. గుండె మీద, సరిగ్గా జేబు దగ్గర బొక్క.

సుంకులమ్మ "మా నాయన చొక్కా" అని బావురుమంది. తమ్ముళ్ళూ ఏడ్చారు. ఓబులేసు మాత్రం ఏడుస్తూనే ఆ బొక్కను వేలితో తడిమి చూశాడు. "ఏమి గురిరా," అన్నాడు. అంత చక్కగా తానెప్పుడూ కొట్టలేదని ఆ క్షణాన అతనికి అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గూ వేసింది.

ఇక నాయన నియమం ఉండనే ఉంది. ఎవరి దెబ్బకు ప్రాణం పోతే, వాళ్ళే స్వయంగా గుంత తవ్వి పూడ్చాలి. ఆ రోజంతా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. చంపడం తేలిక కాకూడదని ఆయన పెట్టిన కట్టడి అది. ఓబులేసు అలవాటుగా పార అందుకున్నాడు.

మద్దిలేటి చెయ్యి పట్టుకున్నాడు. "నువ్వు తవ్వితే ఎట్ల? కొట్టింది నువ్వా, అదా?"

"అదే," అన్నాడు ఓబులేసు.

అంతే. తుపాకీని తలకిందులుగా పట్టుకుని, గొట్టంతో నేల పొడిచారు. ఎర్రమన్ను గొట్టంలో దట్టంగా దిగింది. అద్దం పగిలింది. "లోపం. లోపం," అని తుపాకీ మొత్తుకుంటే, చేసిన పాపానికి పశ్చాత్తాపపడుతోంది పాపం అనుకున్నారు. మధ్యాహ్నానికి గుంత పూర్తయింది. దిష్టిబొమ్మను పూడ్చి, తుపాకీని ఆ గుంత పక్కనే ఎండలో కూర్చోబెట్టారు. దాని తిండి కరెంటే కదా. ఆ రోజు తీగ తగిలించలేదు. సాయంత్రానికి తుపాకీ గొంతు సన్నబడి, సన్నబడి, ఆగిపోయింది. "మనకన్నా నిష్ఠగా ఉంది," అని తిరుపాలు దానికి దణ్ణం పెట్టాడు.

దిష్టిబొమ్మ కూడా లేకపోయేసరికి మర్నాడు పందికి బెరుకు పోయింది. నేరుగా గట్టు దగ్గరికే వచ్చి కంకి విరుచుకుంది. పది అడుగుల దూరం. కొత్త తుపాకీ కిక్కురుమనలేదు. సుంకులమ్మ పరుగున పోయి, పక్కింటి నిచ్చెనేసుకుని, నాయన తుపాకీ దింపి తెచ్చి అన్న చేతిలో పెట్టింది.

"కొట్టన్నా. నీ కాళ్ళకు మొక్కుతా, కొట్టు. సగం చేను పాయ."

ఓబులేసు తుపాకీ ఎత్తాడు. బుజానికి ఆనగానే చెయ్యి స్థిరపడింది. ఊపిరి దానంతటదే ఆగింది. చీలిన చెవి, దాని వెనక మెడ, అన్నీ స్పష్టంగా కనిపిస్తున్నాయి. తప్పదు. అతనికి తెలుసు, గురి తప్పనే తప్పదు. మూడు రోజులుగా పని లేక బెంగపెట్టుకున్న వేలు ట్రిగ్గర్ మీదికి చేరింది. ఓబులేసుకు కళ్ళలో నీళ్ళు తిరిగినంత సంతోషం కలిగింది.

"అన్నా, ఆగు. అది గుర్తు పడిన పంది," అన్నాడు మద్దిలేటి.

ఓబులేసు వేలు ఆగిపోయింది. అవును. ఆ పంది మీద మొదటి రోజే తుపాకీ గుర్తు పెట్టింది, నోటితో చెప్పింది కూడా. ఒకరు చూసి పెట్టుకున్న జంతువును ఇంకొకరు కొట్టడం వేటగాళ్ళలో దొంగతనంతో సమానం. పైగా ఆ వేటగాడు ఉపవాసం ఉండి, లేవలేని స్థితిలో ఉన్నాడు. ఇలాంటప్పుడు కొడితే మనిషనిపించుకుంటాడా? ఓబులేసు నాయన తుపాకీని కిందికి దించాడు. పంది తినడం ముగించి వెళ్ళిపోయింది. సుంకులమ్మ నెత్తి కొట్టుకుంది గానీ, అన్న చెప్పిన న్యాయం విన్నాక ఆమె కూడా, "అదీ నిజమేలే," అంది.

వారం తిరిగాక ప్రహ్లాదు వచ్చాడు. గొట్టంలోంచి మన్ను, పగిలిన అద్దంలోంచి చీమలు రాలడం చూసి గట్టు మీద కూలబడ్డాడు. లేచి, తుపాకీని గోనెలో చుట్టుకున్నాడు.

"మళ్ళా ఎప్పుడు తెస్తావు?" అని అడిగాడు ఓబులేసు.

"బాగుపడితే కదా," అని ప్రహ్లాదు జీపు ఎక్కి, వెనక్కి చూడకుండా పోయాడు.

బాగుపడితే తెస్తాడన్నమాట. అన్నదమ్ములకు కొత్త దిగులు పట్టుకుంది. తుపాకీ తిరిగొచ్చేదాకా దాని పందిని భద్రంగా ఉంచే బాధ్యత ఎవరిది? ఇలా చేలవెంట తిరుగుతుంటే ఎవడి ఉచ్చులోనో పడుతుంది, ఎవడి తూటాకో పోతుంది. అప్పుడు తుపాకీకి ఏం సమాధానం చెప్పాలి? పంది చేలల్లోకి పోకుండా ఉండాలంటే తిండి దాని దగ్గరికే రావాలి.

ఇంకేముంది, నలుగురూ చేన్లో దిగారు. మిగిలిన కంకులు ఒక్కటి వదలకుండా విరిచారు. గంపలకెత్తి మోసుకొచ్చి ఇంటి ముందు కుప్ప పోశారు. మర్నాటి పొద్దుటికల్లా చీలిన చెవి వాకిట్లో హాజరైంది. దానికి పీచు అడ్డం పడకుండా తిరుపాలు ఒక్కో కంకీ వలిచి అందిస్తున్నాడు. దాన్ని ఎవరూ కొట్టకుండా మద్దిలేటి కర్ర పట్టుకుని కాపలా నిలబడ్డాడు.

సుంకులమ్మ ఖాళీ గంప బోర్లించి దాని మీద కూర్చుని నడుం పట్టుకుంది. "ఇంతకుముందు దాని పాటికి అదే విరుచుకుని తినేది పెద్దన్నా. ఇప్పుడు విరిచేదీ మనమే, మోసేదీ మనమే, వలిచేదీ మనమే."

ఓబులేసు నాయన తుపాకీని దూలానికి ఇంకో జానెడు పైన కట్టి, నిచ్చెన దిగుతూ చెల్లెల్ని ఓదార్చాడు.

"వేటంటే మాటలా సుంకులూ, కష్టముంటాది," అన్నాడు.