సోలెడు నూనె దీపం

ఒకానొక రాజ్యంలో మేడ కట్టుకోవాలంటే రాజముద్ర ఒక్కటీ చాలేది కాదు, కప్పలూ కొంగలూ కూడా ఒప్పుకోవాలి. నవ్వకండి, అది అక్కడి చట్టం. ఎవరు ఏ నేల మీద కట్టడం లేపినా, ఆ నేల మీద బతికే జీవులకు అంతకంటే మంచి చోటు ముందుగా చూపించాలి. చూపించినవాడు ఆ కొత్త చోట, సందెవేళ దీపం వెలిగించింది మొదలు అది కొండెక్కేదాకా, ఒంటి మీద ఉత్తరీయం లేకుండా కూర్చోవాలి. అక్కడున్న ఏ జీవినీ కొట్టకూడదు. కొడితే అనుమతి లేనట్టే. ముద్ర పడనిదే ఏ తాపీవాడూ రాయి ఎత్తేవాడు కాదు, రాజు చెప్పినా సరే.

ఆ దేశపు రాజు రణధీరవర్మ. మీసం దువ్వించుకోవడానికి ఒక నౌకరును పెట్టుకున్న మనిషి, ఇక మీరే అర్థం చేసుకోండి. ఆయన కన్ను ఊరవతల ఉన్న జమ్ముమడుగు మీద పడింది. నిలువెత్తు జమ్ము, దాని నిండా కొంగలు, నీటికోళ్ళు, తూనీగలు, కప్పలు. దాన్ని పూడ్చి వేసవి మేడ కట్టాలని ఆయన ముచ్చట.

ముద్ర ఉండేది వల్లభయ్య దగ్గర. మాటకారి, కానీ ముద్ర విషయంలో మొండివాడు. రాజు అతణ్ణి వెంటబెట్టుకుని కోట వెనక తవ్వించిన కొత్త కొలనుకు తీసుకెళ్ళాడు.

"చూడు వల్లభయ్యా! నున్నటి రాతిమెట్లు, కంచు కొంగలు, పట్టుబట్టతో కుట్టించిన తామరలు. మడుగులో ఉన్నవాటికంటే ఎక్కువే ఉన్నాయి."

"మరి కప్పలు?"

"అవిగో, కంచువి. నిజం కప్పలైతే రాత్రంతా బెకబెకమంటాయి. ఇవి నోరు తెరుచుకునే ఉంటాయి గానీ అరవవు."

"ఇది కొలను కాదు ప్రభూ, బొమ్మల కొలువు. ముద్ర వెయ్యలేను."

రాజు ముఖం కందగడ్డలా అయింది. "తలారీ!" అని కేక పెట్టాడు. తలారి కత్తి పట్టుకుని వచ్చి నిలబడ్డాడు. ఎంత మొండివాడైనా మెడ మెడే కదా! వల్లభయ్య తల వంచుకున్నాడు. అప్పుడు కనిపించింది, కదలని ఆ నీళ్ళలో ఏవో సన్నగా మెలికలు తిరుగుతున్నాయి.

వల్లభయ్య మెల్లగా తలెత్తాడు. "ప్రభువులు చట్ట ప్రకారం దీపం దగ్గర కూర్చుంటే నేను కాదనేదేముంది?"

"కూర్చుంటాను. దీపం ఆరేదాకా నేను చెయ్యి ఆడించకపోతే ముద్రా నాదే, నీ తలా నాదే. సరేనా?"

"చిత్తం. దీపంలో గిద్దెడు నూనె పోయడం ఆచారం. అది మామూలు జనానికి. మరి మహారాజులకు కూడా గిద్దెడేనా అని..."

"నాలుగింతలు, సోలెడు పొయ్యండి!" అని గర్జించాడు రాజు.

సందెవేళకు సభంతా కొలను చుట్టూ చేరింది. వింజామరలు వీచేవాళ్ళను పంపేశారు, సాంబ్రాణి పొగ ఆపేశారు. రాజు ఉత్తరీయం తీసి మెట్టు మీద కూర్చున్నాడు. దీపం వెలిగింది.

కాసేపటికి రాజు చెవి దగ్గర ఏదో సన్నటి రాగం మొదలైంది.

"ఏమిటది?"

"తమ కొలనులో కొత్తగా పుట్టిన ప్రజలు ప్రభూ. దర్శనానికి వస్తున్నారు."

ఒకటి భుజం మీద వాలింది. మరొకటి వీపు మీద. ఆ తర్వాత లెక్కపెట్టే ఓపిక ఎవరికీ లేకపోయింది. సభలో అందరూ చేతులు విసురుకుంటున్నారు, తలారి కత్తి చంకలో పెట్టుకుని మోచేయి గోక్కుంటున్నాడు. రాజు మాత్రం కదల్లేదు. పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని రాయిలా కూర్చున్నాడు.

ఇంత పట్టుదల వల్లభయ్య అనుకోలేదు. నూనె తరిగిపోతోంది. ప్రమిద అడుగు కనిపిస్తోంది. ఇంటి దగ్గర భార్య విస్తరి వేసి ఎదురుచూస్తుంటుందని గుర్తొచ్చి అతని కళ్ళు చెమర్చాయి. వత్తి చిటపటలాడింది, మంట నీలంగా మారింది. తలారి గోక్కోవడం మాని కత్తి సరిగ్గా పట్టుకున్నాడు.

అప్పుడు ఒక దోమ తీరిగ్గా వచ్చి రాజుగారి కంటిరెప్ప కింద కూర్చుంది.

ఫెళ్ళుమంది చెంప!

దీపం ఇంకా వెలుగుతూనే ఉంది. రాజుగారి చెంప మీద దెబ్బ పడటం ఆ రాజ్యంలో ఎవరూ ఎరగరు. తలారి భయంభయంగా ముందుకొచ్చాడు. "ప్రభూ, రాజును కొట్టినవాడి తల తియ్యమని ఆజ్ఞ ఉంది. ఇప్పుడు నేను... ఎవరిని..."

"నోర్ముయ్!" అన్నాడు రాజు చెంప రుద్దుకుంటూ. "ఎక్కడివివి? జమ్ముమడుగులో ఎన్నోసార్లు వేటాడాను, ఇన్ని దోమల్ని ఎన్నడూ చూడలేదే!"

"అక్కడా పుడతాయి ప్రభూ. పిల్లపురుగుల్ని చేపలు తింటాయి, ఎగిరేవాటిని తూనీగలూ కప్పలూ పట్టేస్తాయి. ఇక్కడ కంచు కప్పలు నోరు తెరిచాయే గానీ మింగవు. అందుకే దోమల్ని తినేవాళ్ళు లేక, దోమలు తినడానికి తమరొక్కరే మిగిలారు."

రాజు అతని వైపు ఉరిమి చూశాడు. ఇంతలో రాజు రెండో చెంప మీద కూడా ఫెళ్ళున కొట్టుకుని, పొట్ట చెక్కలయ్యేలా నవ్వసాగాడు.

"సోలెడు పొయ్యమన్నది నేనే కదరా! గిద్దెడైతే ఎప్పుడో ఆరిపోయి నీ తల తెగేది!" అంటూ తన చేతి కంకణం తీసి వల్లభయ్యకు తొడిగాడు. "ఇంకేం కావాలో కోరుకో."

"ముందు ఆ కత్తి ఒరలో పెట్టించండి ప్రభూ, ఆ తర్వాత ఆలోచిస్తాను."

మడుగు మడుగుగానే ఉండిపోయింది. వేసవి మేడ ఎదురుగుండా బోడి గుట్ట మీద లేచింది. కంచు కప్పల్ని కరిగించి, కొలనులో నిజం కప్పల్నీ చేపల్నీ వదిలారు. ఒక రాత్రి రాణి విసుక్కుంది, ఆ గోలకు నిద్ర పట్టడం లేదని.

"అరవనీ," అన్నాడు రాజు చెంప తడుముకుని, అటు తిరిగి పడుకుంటూ. "వాళ్ళు భోజనాల దగ్గరున్నారు."