పేజీ తిప్పని అండాలు

అనగనగా ఒక ఊళ్ళో, ఏ ఇంటి ముందు చూసినా రంగు రంగుల నూలు ఆరేసి ఉండే ఊళ్ళో, అండాలు అని ఓ పిల్ల ఉండేది బంగారం. ఐదో తరగతి. చేతులు మహా చురుకు. అమ్మ పక్కన కూచుని చీర నేతకు ఆసు పోసిందంటే, చెక్కకు కొట్టిన మేకుల చుట్టూ దారం అలా తిరుగుతూనే ఉండేది, ఒక్క పోగు తప్పేది కాదు.

కానీ పుస్తకం తెరిస్తే చాలు, అక్షరాలు కుదురుగా ఉండేవి కావు. ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. పాపం, ఏం చేస్తుంది? పక్కవాళ్ళు చదువుతుంటే మూడుసార్లు వినేది, పాఠమంతా నోటికి వచ్చేసేది.

ఒకరోజు పెద్దసారు చదవమన్నాడు. అండాలు గడగడా అందుకుంది. పేజీ అయిపోయింది, చదవడం మాత్రం ఆగలేదు! పేజీ తిప్పడం మర్చిపోయింది పిచ్చితల్లి. పిల్లలంతా గొల్లుమన్నారు.

“ఇన్నాళ్ళూ నన్ను మోసం చేసినవా? పరీక్ష తప్పితే ఒకటో తరగతి పిల్లలల్ల కూసోబెడత,” అన్నాడు సారు.

నాకైతే ఆ సారు మీద ఇప్పటికీ కోపమే. అండాలు ఇంటికొచ్చి, “ఇగ బడికి పోనమ్మా,” అని ముసుగుతన్ని పడుకుంది.

అప్పుడు సుగుణ టీచరు వాళ్ళింటికొచ్చింది. చదవడం కష్టమయ్యే పిల్లల కోసం వారానికి మూడు రోజులు బడిలో చివరి గదిలో కూచునే టీచరు ఆవిడ. “విని పాఠమంతా పట్టిన పిల్లకు తెలివి తక్కువెట్లయితది? కండ్లకు చిక్కని అక్షరం చేతులకు చిక్కుతదేమో చూద్దాం,” అంది.

ముందు అట్టల మీద దారంతో అక్షరాలు అతికించి వేలితో తడిమించింది. ఆ తర్వాత వరుస కింద కాగితం ముక్క పెట్టి, ఒక్కో వరుసే చదివించింది. ఆ తర్వాత పెద్దసారుతో పోట్లాడి, పరీక్షలో ప్రశ్నలు చదివి వినిపించేలా, గంటసేపు ఎక్కువ ఇచ్చేలా ఒప్పించింది. ఒక్కరోజులో అయిందనుకున్నావా? ఎన్ని ఏడుపులు, ఎన్ని అలకలు!

పరీక్ష రోజు గంట కొట్టారు. అందరూ లేచారు. అండాలు రాస్తూనే ఉంది. పెద్దసారు కాగితం లాక్కోబోయి, మాటిచ్చింది గుర్తొచ్చి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

అండాలు పాసైంది. ఆ సాయంత్రం అమ్మకు ఓ పాఠం చదివి వినిపించింది, తడబడుతూ, మెల్లమెల్లగా. అమ్మకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

“నాకు గూడ అక్షరాలు గిట్లనే కదులుతుండె బిడ్డా. మొద్దని రెండో తరగతిలనే బడి మాన్పిచ్చిన్రు.” సిగ్గుపడుతూ అడిగింది. “ఆ టీచరు గదిల పెద్దోళ్ళకు చెప్తరా?”

“నువ్వు రా అమ్మా. నేను జర జరిగి కూసుంట.”

కథ వెళ్ళె కంచికి,
కునుకొచ్చె కంటికి,
ఇక మనం ఇంటికి!