పేరు పుట్టుక చెప్పాకే మందు

పూర్వం ఓ రాజ్యంలో ఆస్థాన వైద్యుడు విరూపాక్షశాస్త్రి ఒక కట్టడి పెట్టాడు. వైద్యశాలకు వచ్చినవాళ్లు తమ రోగానికో, కరిచిన పురుగుకో శాస్త్రనామం చెప్పి, ఆ పేరెలా పుట్టిందో కూడా వివరించాలి. ఆ తర్వాతే మందు.

మేదరి సింగమ్మ మొగుణ్ణి వెదురు కొడుతుండగా పాము పడగ విప్పి కాటేసింది. ఆమె అతణ్ణి వైద్యశాలకు మోసుకొచ్చింది.

"పామా? ఛీ, మోటుమాట! శాస్త్రనామం చెప్పు," అని గడపలోనే ఆపేశాడు శాస్త్రి. ఆమె కాళ్లావేళ్లా పడినా కరగలేదు. దారినపోయే పంతులొకాయన జాలిపడి, "దర్వీకరం. దర్వి అంటే గరిటె, గరిటెలాంటి పడగ ఉన్నది," అని చెప్పాకే శాస్త్రి మందు వేశాడు. ప్రాణం దక్కింది గానీ, ఆలస్యానికి కాలు పడిపోయింది.

కొన్నాళ్లకు సింగమ్మ ఓ మూతబుట్ట తెచ్చి, శాస్త్రి పీట పక్కనే పెట్టి మూత తీసింది. బారెడు పాము బుసకొడుతూ బయటికొచ్చింది.

"పాము! పాము! పట్టవే!" శాస్త్రి ఒక్క గెంతులో మందులు నూరే రోలెక్కాడు.

సింగమ్మ తాపీగా గడపలో కూర్చుంది. "ఛీ, మోటుమాట. దీని శాస్త్రనామమేంటో, ఆ పేరెలా పుట్టిందో చెప్పండి సామీ, పడతాను."

శాస్త్రికి భయంతో ఒక్క అక్షరం గుర్తుకు రాలేదు.

"పోనీ, కట్టడి ఎత్తేశానని వీధి వినేలా అరవండి."

అరిచాడు. సింగమ్మ లేచి, పామును వట్టి చేత్తో పట్టి బుట్టలో వేసింది.

"ఇది జెర్రిపోతు సామీ, విషం లేదు. మా ఆయన్ని కరిచినదానికి ఉంది."