గాంధారం మెట్టు

ఆఖరి సెమిస్టర్ మొదలవకముందే హిమజకి తల బద్దలైపోతోంది. ఇంజనీరింగ్ మూడున్నరేళ్ళూ అదురూ బెదురూ లేకుండా లాక్కొచ్చిన పిల్ల, చివరి ఆర్నెల్ల దగ్గరికొచ్చి చతికిలబడింది.

కాలేజీలోనే ఉంటే, స్నేహితురాలు రెహానాతో కలిసి చవకలో వినికిడి యంత్రం తయారుచేసే ప్రాజెక్టు చెయ్యొచ్చు. ఆ ఆలోచన హిమజదే. రెహానాని అందులోకి లాగిందీ హిమజే. ఈలోగా బెంగళూరు నుంచి ఇంటర్న్‌షిప్ వచ్చిపడింది. పని బాగుంటే ఉద్యోగం కూడా అక్కడే ఇస్తామన్నారు. ఇంకేముంది, పొద్దున ప్రాజెక్టంటుంది, మధ్యాహ్నానికి బెంగళూరంటుంది. వారం నుంచీ ఇదే వరస.

"సోమవారం సార్‌కి చెప్పెయ్యాలే. ఒక్కదాన్నే చేస్తానంటే ఒప్పుకోరు. రానంటే రానని చెప్పు, ఇంకెవరినైనా బతిమాలుకుంటాను" అని రెహానా ఫోన్‌లో ఏడ్చినంత పని చేసింది.

ఆ ఆదివారం పొద్దున హిమజ వీణ పాఠానికి వెళ్ళింది. విజయనగరంలో కామేశ్వరమ్మ గారి దగ్గర చిన్నప్పటి నుంచీ నేర్చుకుంటోంది. ఆవిడ మాటల మనిషి కాదు. శిష్యులు తప్పు వాయిస్తే కళ్ళెత్తి చూస్తారు, ఆ చూపు చాలు.

ఆవేళ వీణ చాప మీద పడుకుని ఉంది. పాత మైనమంతా గీకేసి, కామేశ్వరమ్మ గారు కొత్తగా మేళం కడుతున్నారు. అంటే, నల్లటి మైనాన్ని గట్లుగా పోసి, దాని మీద కంచు మెట్లని ఒక్కొక్కటే స్వరం చూసుకుంటూ నిలబెట్టడం. మైనం వెచ్చగా ఉన్నంతసేపే మెట్టు కదులుతుంది.

"ఏటమ్మా, మొహం అలా వేలాడేశావు?"

హిమజ మొత్తం చెప్పుకొచ్చింది. "ఏది ఎంచుకున్నా రెండోదే మంచిదేమో అనిపిస్తోంది టీచరుగారూ. మీరే చెప్పండి" అంది.

కామేశ్వరమ్మ గారు ఒక మెట్టు తీసి ఆమె చేతిలో పెట్టారు. "గాంధారం ఒక్కటే మిగిలింది. నువ్వు పెట్టు."

ఇన్నేళ్ళలో ఏ శిష్యులకీ ఇవ్వని పని అది. హిమజ ఊపిరి బిగబట్టి మెట్టు నిలబెట్టింది. తీగ మీటి చూసింది. బాగానే పలికింది. బాగానే ఉంది కానీ, ఇంకాస్త బాగుండదా అనిపించింది. వీణ కుండ వైపు రవ్వంత జరిపింది. స్వరం ఎక్కువైంది. వెనక్కి లాగింది. మళ్ళీ మీటింది. మీటి చూసిన ప్రతిసారీ వేలి నొక్కుడికి మెత్తటి మైనంలో మెట్టు ఒరిగిపోయేది. దాన్ని సరిచేస్తే స్వరం ఇంకోచోటికి పోయేది.

మైనం గట్టిపడబోతుంటే కామేశ్వరమ్మ గారు కాల్చిన కమ్మీ తెచ్చి మళ్ళీ మెత్తబరిచారు. విసుక్కోలేదు. ఇంకోసారి గట్టిపడబోతే ఇంకోసారి మెత్తబరిచారు.

అటూ ఇటూ తిరిగి మెట్టు చివరికి మొదట పెట్టినచోటికే వచ్చింది. హిమజ మళ్ళీ మీటబోయింది.

"చెయ్యి తియ్యి" అన్నారు కామేశ్వరమ్మ గారు.

తియ్యలేదు. ఆవిడే ఆ చెయ్యి పట్టుకుని, తన రెండు చేతుల మధ్య పెట్టుకుని కూర్చున్నారు.

"ఒక్కసారి టీచరుగారూ, ఒక్కసారి చూసి..."

"ఊహూ."

వీధిలో తోటకూర అమ్మే మనిషి కేక దగ్గరికొచ్చి, గుమ్మం దాటి, దూరమైపోయింది. పెద్దావిడ అరచేతులు వెచ్చగా, తీగల రాపిడికి గరుగ్గా ఉన్నాయి. హిమజకి ఎందుకో కళ్ళు చెమర్చాయి. వారం రోజుల్లో తన చెయ్యి అంతసేపు ఊరికే ఉండటం అదే మొదటిసారి.

మైనం చల్లారింది. కామేశ్వరమ్మ గారు చెయ్యి వదిలారు. "ఇప్పుడు మీటు."

ఈసారి మెట్టు కదల్లేదు. గాంధారం గదంతా మోగింది. హిమజ చెవి రిక్కించి విని, బిక్కమొహం వేసింది.

"రవ్వంత తక్కువుంది టీచరుగారూ."

"ఉంది."

"మరి?"

"తీగ లాగి అందుకోడానికి నీకు వేలుంది కదా" అన్నారావిడ.

హిమజ మళ్ళీ మీటి, తీగని వేలితో కొద్దిగా పక్కకి లాగింది. గాంధారం నిండుగా వచ్చి నిలబడింది. కామేశ్వరమ్మ గారు అప్పటికే కమ్మీ తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోతున్నారు.

హిమజ గేటు దగ్గర చెప్పులైనా వేసుకోకుండానే ఫోన్ తీసింది.

"రెహానా, మన ప్రాజెక్టు చేస్తున్నాం. సార్‌కి చెప్పెయ్."

"సాయంత్రం మళ్ళీ బెంగళూరంటే చంపేస్తా."

"అనను."

"అంత మంచి ఛాన్సు వదులుకుంటున్నావు. రేపు ఇది సరిగ్గా రాకపోతేనో?"

హిమజ చూపుడువేలికి నల్లటి మైనం అంటుకుని ఉంది. తుడవబోయి, ఆగింది.

"తక్కువైతే మనం చూసుకుందాంలే" అంది.