తలకిందుల తుంగ

"గురువు పొరపడితే శిష్యుడేం చేయాలమ్మా?" అని అడిగాడు శిష్యుడు కోటిలింగం.

ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే అలవాటు తాయారమ్మగారికి లేదు. కాలవగట్టున పర్ణశాలలో ఏళ్ల తరబడి వేదాంతం చెబుతున్న ఆవిడకు ఈమధ్య చూపు బాగా మందగించింది. శ్లోకం మధ్యలో తడబడుతున్నారు. వేరే మఠం వాళ్లు కోటిలింగాన్ని రమ్మని పిలిచారు. ఆవిణ్ణి వదల్లేడు, ఉండీ లాభం లేదేమోనని దిగులు.

"వాకిట్లో గొడుగు తుంగ ఉంది చూడు. నాలుగు తలలు కోసుకురా, నాయనా," అన్నారావిడ.

అది అందానికి పెంచుకునే నీటి మొక్క. సన్నటి కాడ, దాని కొనన గొడుగులా విచ్చుకున్న ఆకులు. కోటిలింగం జానెడు కాడతో తలలు కోసి తెచ్చాడు. తాయారమ్మగారు వాటిని తడుముకుంటూ రెండు వాకిట్లో నీళ్లతొట్టిలో, రెండు నూతి వెనక తొట్టిలో పెట్టారు. అన్నీ తలకిందులుగానే! ఆకులు నీళ్లలో మునిగాయి, కాడలు పైకి తేలాయి. కోటిలింగం మనసులో అనుకున్నాడు: కళ్లు సరే, బుద్ధి కూడా పోయిందా తల్లీ!

వచ్చేపోయేవాళ్లు నవ్వుతారని, ఆవిడ లోపలికి వెళ్లగానే వాకిట్లోవాటిని తిప్పి నిటారుగా నిలబెట్టాడు. గురువును మించిన శిష్యుడు మరి! నూతి వెనక్కి ఎవరూ రారు కనుక, అటు పోలేదు.

కొన్నాళ్లకు మూట కట్టుకున్నాడు. పోతూ పోతూ వాకిలైనా శుభ్రం చేసి పోదామనుకున్నాడు. తను నిలబెట్టిన కాడలు పసుపెక్కి, కుళ్లి వాసన కొడుతున్నాయి. పారేయడానికి నూతి వెనక్కి వెళ్లినవాడు అక్కడే నిలబడిపోయాడు. మునిగిన తలల నడిమి నుంచి తెల్లటి వేళ్లు నీళ్లలోకి దిగాయి. అక్కడి నుంచే పచ్చటి మొలకలు, ఒక్కోటీ బుల్లి గొడుగు విప్పుకుంటూ, నీళ్లు చీల్చుకుని పైకి లేచాయి. అతను చేతులు జోడించాడు.

తొట్టి ఎత్తుకొచ్చి ఆవిడ ముందు పెట్టాడు. ఆవిడ మొలకలను వేళ్లతో నిమిరారు.

"వాకిట్లోవి నేను తిప్పేశానమ్మా."

"తెలుసు. ఆ సాయంత్రమే తడిమి చూశాను."

"మరి నన్ను కేకలెయ్యలేదేం? మళ్లీ మీరే తిప్పి పెట్టలేదేం?"

తాయారమ్మగారు నవ్వారు. "శిష్యుడు పొరపడితే గురువేం చేయాలో నువ్వు అడగలేదుగా, నాయనా."