నలభై నిమిషాల తాళం

కాకినాడలో పదకోశం కూర్చే విశ్వపతిగారు, ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు కళ్లజోడు తుడుచుకుంటారు. చాలా ప్రశ్నలు ఆ తుడుపులోనే పోతాయి. ఒక ఉదయం శిష్యురాలు హైమ అడిగింది: "గురువుగారూ, తొమ్మిదింటికి పనిలో కూర్చుంటే నా మనసు పదకొండుకు గాని కుదురుకోదు. లోపం ఎక్కడుందంటారు?"

"ముందు డిస్కు తెరువమ్మా, పోలమ్మగారు వచ్చారు," అన్నారాయన.

పోలమ్మది ఉప్పాడ. ఆమె పెనిమిటి సింహాచలం వలల పేర్లు, అలల పేర్లు చెబుతుంటే నాలుగేళ్ల కిందట విశ్వపతిగారు రికార్డు చేసుకున్నారు. అతను పోయి ఏడాదైంది. ఇంట్లో ఫోటో ఉందిగాని గొంతు లేదు. దాన్ని ఒక్కసారి విని పోదామని వచ్చింది. కోడలికి నెలలు నిండాయి, పదింటి బస్సుకు తిరిగి వెళ్లాలి.

ఆ రికార్డులన్నీ దాచిన కంప్యూటరు డిస్కు చాలా పెద్దది. వందల మంది చెప్పిన మాటలు అందులో ఉన్నాయి, మాటల మధ్య ఇంటి గుట్లూ ఉన్నాయి. అందుకే పాస్‌వర్డు లేనిదే ఎవరికీ ముక్క అర్థం కాకుండా భద్రం చేశారు. పాస్‌వర్డు కొట్టాక కూడా అది తెరుచుకోవడానికి నలభై నిమిషాలు పట్టేది. హైమ వైరు మార్చింది, కంప్యూటరు మార్చింది, పాస్‌వర్డును సగానికి కత్తిరించి గురువుగారి చేత చీవాట్లు తింది. డిస్కు మాత్రం తన నడక తాను నడిచేది.

ఆ రోజూ అంతే. తొమ్మిదిన్నర దాటింది. పోలమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. హైమకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"సాయంత్రం దీన్నెలాగ ఎత్తి పెడతావమ్మా?" అంది పోలమ్మ డిస్కును చూస్తూ.

"పని కాగానే వైరు లాగి బీరువాలో పెట్టేస్తానండి. క్షణం కూడా బయట ఉంచను."

ఆ మాటలో కాస్త గర్వం ఉంది. నలుగురి గుట్లు బల్లమీద పడి ఉండకూడదన్నది గురువుగారి నియమం.

"మా కుర్రోళ్లూ ఇంతేనమ్మా. వల దులిపి మడతెట్టకుండా కుప్పేసి తొంగుంటారు. పొద్దున్న ఏ కన్ను తెగిందో, ఎక్కడ చిక్కడిందో మొత్తం తడుంకోవాల."

హైమ తెరవైపు చూసింది. నిన్న డిస్కును సరిగా మూయలేదని, ఫైళ్లన్నీ సరిచూస్తున్నామని అక్కడ రాసి ఉంది. రోజూ వచ్చే మాటే. ఎనిమిది నెలలుగా చదవకుండా పక్కకు తోసేస్తోంది. పాస్‌వర్డు తాళం నిమిషంలోనే తెరుచుకునేది. మూస్తున్నానని కంప్యూటరుకు ఒక్క మాట చెప్పకుండా వైరు లాగేసినందుకు, మిగతా సమయమంతా డిస్కు తన ఒళ్లు తాను తడుముకునేది.

పదికి పన్నెండు నిమిషాలుందనగా తెరుచుకుంది. సింహాచలం ఏదో అల్లిక గురించి చెబుతూ, "ఇది నాకన్నా మా పోలమ్మకే బాగా తెలుసండి," అన్నాడు. బతికుండగా ఆమె ముందు ఎప్పుడూ ఆ మాట అనలేదట. ఆమె ఏడ్చింది. మళ్లీ పెట్టమంది. సగంలోనే బస్సు వేళైంది. ఫోనులో వేసి ఇస్తానని హైమ అంటే వద్దంది, మళ్లీ వస్తానంది.

ఆమె వెళ్లాక హైమ రికార్డు ఆపింది. తర్వాత, "నా తొందర ఆవిడ వినవలసిన నలభై నిమిషాలూ తినేసిందండి," అంది.

విశ్వపతిగారు ఆమెను ఓదార్చలేదు.

"మనసు పదకొండుకు గాని కుదురుకోదన్నావు కదా, నిన్న సాయంత్రం పని దగ్గర నుంచి నువ్వెలా లేచావమ్మా?" అని అడిగారు.