పాత పడుగు కొసలు

బక్కయ్య గురువుగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదని చేనేత వాడలో అందరికీ తెలుసు. పేరుకు బక్కయ్యే గాని, మనిషి కూర్చుంటే రెండు పీటలు కావాలి. అడిగింది శ్రద్ధగా వినేవారు, తలాడించేవారు, ఆ తరువాత "మీ ఇంట్ల ఇయ్యాల ఏం కూర?" అనేవారు. మోక్షం గురించి అడగబోయినవాడు వంకాయ గురించి చెప్పి ఇంటికి వచ్చేవాడు. తరువాత ఏదో ఒక పూట ఆయనే వెళ్ళి వాడి గడపలో కూర్చునేవారు. జవాబు దొరికినవాళ్ళు దొరికిందని చెప్పుకునేవారు. దొరకనివాళ్ళు, ఆయన కూర కోసమే వచ్చాడని చెప్పుకునేవారు.

ఒక గురువారం భజన ముగిసి, భక్తులందరూ పుట్నాలు నములుతూ ఒకరి చెప్పులు ఒకరు వేసుకుంటున్న వేళ, మార్కండేయ ఆయన దగ్గర కూర్చుని అడిగాడు.

"గురువుగారూ, నేను తాగిన ఏండ్లున్నయి గద. అవి దేవుడు నా నొసట ఎందుకు రాసిండు? రాస్తె రాసిండు. ఇప్పుడు వాటిని కోసి పారేసే తొవ్వ ఏమన్న ఉన్నదా?"

గురువుగారు తలాడించారు. "మగ్గం మీద ఏమున్నది?"

"పాత పడుగే. ఇంక మూరెడు నేస్తె అయిపోతది."

"కానియ్యి," అన్నారు గురువుగారు. కూర సంగతి అడగలేదు. అది చూసి పక్కనున్నవాళ్ళు పుట్నాలు నమలడం ఆపారు.

మార్కండేయ అంటే పద్మశాలీలకు యముణ్ణి గెలిచిన కులపురుషుడు. ఆ పేరు పెట్టుకున్న ఈ మార్కండేయ మాత్రం చాలాకాలం యముడికి ఎదురు వెళ్ళి దండం పెట్టి పిలిచాడు. మొదట పొద్దంతా నేసి ఒళ్ళు నొప్పులకని కల్లు కాంపౌండుకు వెళ్ళేవాడు. తరువాత నేయకుండానే నొప్పులు వచ్చేవి. చివరకు రక్తం కక్కుకుని పట్నం ఆసుపత్రిలో పడ్డాడు. అక్కడి నుంచి తాగుడు మాన్పించే కేంద్రానికి, ఆ కేంద్రం నుంచి గురువుగారి భజనకు వచ్చాడు. బోనాల దాకా ఆగడని కొందరు, దసరా దాకా ఆగడని కొందరు ఊళ్ళో పందెం వేసినట్టే మాట్లాడారు. దసరా వచ్చింది. అలా అన్నవాళ్ళందరూ ఆ రోజు తాగి పడుకున్నారు. అతను జమ్మి ఆకు పట్టుకుని ఇంటింటికీ తిరిగి పెద్దల కాళ్ళు మొక్కాడు. లేవలేని పెద్దలకు ఆకు దిండు మీద పెట్టి వచ్చాడు.

తాగుడు వదిలిన మనిషికి శుభ్రం పట్టుకుంది. భార్య అండాలు చూస్తుండగానే తాగి పడుకున్న మంచం పారేశాడు. తాగిన గ్లాసు పారేశాడు. తాగినప్పుడు తొడిగిన అంగీలు పారేశాడు, అంటే దాదాపు అన్నీ. పక్కింటి లచ్చవ్వ గోడ మీదుగా అంతా చూసి, "తాగేటప్పుడు అమ్ముకున్నడు, మానినంక పారేస్తున్నడు. ఎట్లైనా అండాలుకు ఇల్లు ఊడ్చుడు సులువైంది," అంది.

మార్కండేయ భయం లచ్చవ్వకు తెలియదు. ఆ రోజులది ఏ చిన్న వస్తువు ఇంట్లో మిగిలినా అది తనను వేలు పట్టి మళ్ళీ కాంపౌండుకు తీసుకుపోతుందని అతని భయం. రాత్రి చేసిన వాగ్దానం పొద్దున నిలబడదని చాలాసార్లు చూసినవాడు. ఈసారి నిలబడకపోతే మళ్ళీ లేచేంత నెత్తురు ఒంట్లో లేదని డాక్టరు చెప్పాడు.

మూరెడు నేత అయింది. చీర కోసి దించాడు. చీర దించాక పాత పడుగులో మిగిలిన నిలువు దారాల కొసలను అచ్చులోనే వదిలేస్తారు. అచ్చు అంటే మగ్గానికి కట్టిన పెద్ద దువ్వెన. దాని సన్న సందుల్లోంచి వేల దారాలు విడివిడిగా దూరి రావాలి. కొత్త దారానికి ఆ తొవ్వ తెలియదు. అందుకని అచ్చులో మిగిలిన పాత కొసకు కొత్త దారం కలిపి పురిపెడతారు. పాతది ముందు నడిస్తే కొత్తది దాని వెంట పోతుంది. నడక రాని పిల్లవాడికి కూడా ఆ వాడలో ఈ సంగతి తెలుసు.

మార్కండేయ ఆ కొసలను కోసి, మొత్తం లాగేశాడు. వాకిట్లో కుప్ప పోసి అగ్గిపుల్ల గీశాడు. తాగి ఒళ్ళు తెలియని రోజుల్లో కూడా చేయని పని, ఒళ్ళు తెలిశాక చేశాడు.

అండాలు నల్లా దగ్గర నుంచి బిందెతో వచ్చింది. బిందె దించి, బోసిపోయిన అచ్చును చూసింది. వాకిట్లో మంటను చూసింది.

"మంచిగనే కాలింది," అంది.

మరునాడు పొద్దున ఇద్దరూ అచ్చుకు చెరో వైపు కూర్చున్నారు. ఇక ప్రతి దారాన్నీ చేత్తో ఎక్కించాలి. వెనుక నుంచి అండాలు ఒక్కో దారం అందిస్తుంటే, ముందు నుంచి మార్కండేయ సన్నటి కొక్కెంతో దాన్ని సందులోంచి లాగుతున్నాడు. ఆ ఆలుమగలు అంతసేపు ఎదురెదురుగా కూర్చుని ఎన్నాళ్ళైందో లచ్చవ్వకు కూడా గుర్తులేదు. ఆమెకు గుర్తులేదంటే అది జరగలేదనే లెక్క.

గురువుగారు వచ్చి గడప మీద కూర్చున్నారు. గడప నిండిపోయింది.

"ఏం కూర అమ్మా?"

"పొయ్యే అంటియ్యలె గురువుగారూ," అంది అండాలు దారం మీంచి చూపు తిప్పకుండా.

ఆయన ఇంకేమీ అడగలేదు. అచ్చు వైపు కూడా ఒకటికి రెండుసార్లు చూడలేదు.

ఎండ నడినెత్తికి వచ్చాక తప్పు బయటపడింది. ఎక్కడో ఒక సందు వదిలేశాడు. అక్కడి నుంచి ఎక్కించిన దారాలన్నీ తీసి మళ్ళీ పెట్టాలి. తీయబోతే మార్కండేయ చేతిలోని కొక్కెం జారి కింద పడింది. ఏరుకుని మళ్ళీ పెట్టబోయాడు, మళ్ళీ జారింది. కాంపౌండులో కొత్త కల్లు దించే వేళ అదేనని అతనికి ఎవరూ చెప్పనక్కరలేదు.

లేచాడు. అంగీ తొడిగాడు. గడప దగ్గర గురువుగారు కాళ్ళు పక్కకు తీసుకుని తొవ్వ ఇచ్చారు.

చెప్పులు వేసుకుని మార్కండేయ ఒకసారి వెనక్కి చూశాడు. అండాలు కూర్చున్న చోటే ఉంది. అందించబోయిన దారం రెండు వేళ్ళ మధ్య అలాగే ఉంది. చెయ్యి అచ్చు వైపు చాచే ఉంది.

"ఇడిసిపెట్టరాదా," అన్నాడు. "నేనొచ్చేదాక పట్టుకోనుంటవా?"

"ఉంట. అలవాటే."

"ఏం అలవాటు?"

అండాలు చెప్పింది, బియ్యం అయిపోయాయని చెప్పినంత మామూలుగా.

"నిన్న నువ్వు కాలవెట్టిన కొసలు ఎవరు అతికిండ్రనుకున్నవు? నువ్వు కాంపౌండు కాడ పడి ఉంటివి. నేనొక్కదాన్నే కూసొని, వేళ్ళకు బూడిద అద్దుకుంట, ఒక్కొక్క దారం పురివెట్టిన. ఈ పడుగు అయ్యేలోపట మనిషి మర్లుతడు అనుకుంట పెట్టిన. మర్లకపాయె. ఇంకో పడుగు పెట్టిన."

దారం కొద్దిగా బిగించి పట్టుకుంది.

"తాగిన ఏండ్లు అన్ని నీయే అనుకుంటున్నవు. ఆ ఏండ్లల్ల నేను సుత ఉన్న."

మార్కండేయ వాకిట్లో నిలబడ్డాడు. ఆ ఏళ్ళలోకి తిరిగి చూసినప్పుడల్లా అతనికి కనబడింది తను, సీసా, మోరీ కాలువ. అంతే. అక్కడ మూడో మనిషి ఒకరు కూర్చుని ఉన్నారని, ఆ చీకటిలో వేళ్ళు ఆడుతూనే ఉన్నాయని ఎన్నడూ తోచలేదు. పారేసిన మంచం గుర్తొచ్చింది. తాగి దాని మీద పడుకున్నది తనే. తనను మోసుకొచ్చి దాని మీద పడుకోబెట్టింది తను కాదు. లచ్చవ్వ గోడ మీదుగా తొంగి చూసి, ఏమనుకుందో ఏమో, మొదటిసారి ఏమీ అనకుండా లోపలికి పోయింది.

చాలాసేపటికి మార్కండేయ చెప్పులు విడిచాడు. లోపలికి వచ్చి తన చోట కూర్చుని, అండాలు ముఖం వైపు చూడలేక అచ్చు వైపు చూస్తూ అడిగాడు.

"ఏ సందు కాడ తప్పిన?"

ఆమె చూపించింది. కొక్కెం ఇంకా అతని చేతిలో నిలవడం లేదు. ఆమె దారాన్ని కొక్కెం దాకా తెచ్చి తగిలిస్తే, అతను లాగాడు.

ఆ పని ముగియడానికి ఎంతకాలం పట్టిందో వాడలో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. ఆ పడుగు మాత్రం నేత పూర్తయింది. చీరలు దించిన రోజు గురువుగారు మళ్ళీ వచ్చారు. అండాలు గోడకు చేరగిలబడి నిద్రపోతోంది. మార్కండేయ ఆమె కూర్చునే చోట కూర్చుని ఉన్నాడు. అచ్చులో పాత కొసలు కోయకుండా వేలాడుతున్నాయి. వేళ్ళకు బూడిద అద్దుకుని, ఒక్కో కొసకు కొత్త దారం కలిపి మెల్లగా పురిపెడుతున్నాడు. మగవాడు అతుకు పెడితే చిక్కులే పడతాయని వాడలో మాట ఉంది. ఆ మాట నిజమే. చిక్కులు పడుతున్నాయి, అతను విప్పుకుంటున్నాడు.

"గురువుగారూ," అన్నాడు ఆమె లేవకుండా గొంతు తగ్గించి, "కోసి పారేసే తొవ్వ అడిగితి. అది ఇగ అడగ. గాని దేవుడు ఎందుకు రాసిండో మీరు చెప్పనే లేదు."

"రాసినాయన సంగతి నాకు తెల్వది బిడ్డా," అన్నారు గురువుగారు. "నీ చేతిల కొస జారుతున్నది. పట్టుకో."